కప్పు, కెటిల్, కొన్ని కొలతలు

ఒక పీరియడ్‌లో మన ఒంట్లోంచి ఎంత రక్తం పోతుందో చెప్పమని మా ఫ్లోర్‌లో పదిమందిని అడిగాను. ఆరుగురు "చాలా" అన్నారు. ముగ్గురు "రోజుకి నాలుగు ప్యాడ్లు" అని యూనిట్సే మార్చేశారు. ఒకమ్మాయి మాత్రం బాగా ఆలోచించి "అర లీటర్ ఉంటుందేమో" అంది. నిజానికి ఆ అన్ని రోజులూ కలిపి సగటున 30 నుంచి 40 మిల్లీలీటర్లు. రెండు మూడు టేబుల్ స్పూన్లు, అంతే. ప్యాడ్ మీద పరుచుకుపోతుంది కాబట్టి మనకి అంత కనిపిస్తుంది.

ఈ లెక్క నాకు బయాలజీ క్లాసులో తెలియలేదు. ఏడాదిన్నరగా మెన్‌స్ట్రువల్ కప్ వాడుతున్నాను కాబట్టి తెలిసింది. కప్ కొనాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్ల కోసం, కొని బీరువాలో దాచేసినవాళ్ల కోసం ఇది రాస్తున్నా. అబ్బాయిలూ, స్క్రోల్ చేసి పారిపోకండి. ఇందులో వాక్యూమ్ సీల్ ఉంది, స్కేలింగ్ ఉంది, మీకూ నచ్చే ఫిజిక్స్ చాలానే ఉంది.

ముందు ఒక చిన్న తెలుగు గొడవ. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఈ టాపిక్ మీద తెలుగులో రాద్దామని కూర్చుంటే నాకు ఇంట్లో విన్న మాటలే గుర్తొచ్చాయి. ముట్టు, మైల, అంటు, బయట చేరడం. అన్నీ ఎక్కడ కూర్చోవాలో, ఏది ముట్టుకోకూడదో చెప్పే మాటలే. లోపల ఏం జరుగుతోందో చెప్పే మాట ఒక్కటీ లేదు. 'నెలసరి' కొంచెం నయం, కనీసం క్యాలెండర్ తెలుసు దానికి. సర్విక్స్‌ని 'గర్భాశయ ముఖద్వారం' అంటారని పేపర్‌లో హెల్త్ పేజీ చూసి నేర్చుకున్నా. ఎంత బాగుందో ఆ మాట! ఇంటికి సింహద్వారం ఉన్నట్టు.

సరే, వస్తువు దగ్గరికి వద్దాం. గుడిగంటని తలకిందులుగా పట్టుకున్నట్టుండే మెత్తటి సిలికాన్ గిన్నె ఇది. అడుగున చిన్న తోక లాంటి స్టెమ్. ప్యాడ్ పీల్చుకుంటుంది, కప్ పీల్చుకోదు, పడుతుంది. మామూలు సైజు కప్‌లో 20 నుంచి 30 మిల్లీలీటర్లు పడతాయి. ఇదేదో నిన్న మొన్న ఇన్‌స్టాలో పుట్టిన ఫ్యాషన్ అనుకోకండి. అమెరికాలో లియోనా చామర్స్ అనే నటి 1937లోనే దీనికి పేటెంట్ తీసుకుంది. అప్పట్లో రబ్బరుతో చేసేవాళ్లు, రెండో ప్రపంచ యుద్ధంలో రబ్బరు దొరక్క ఆగిపోయింది. మెడికల్ గ్రేడ్ సిలికాన్ కప్పులు 2000 తర్వాత వచ్చాయి. మన పక్కనే కేరళలో, అలప్పుళ మున్సిపాలిటీలో 2019లో ఐదువేల కప్పులు ఉచితంగా పంచారు. 2022లో కుంబళంగి అనే ఊరు శానిటరీ ప్యాడ్లు లేని పంచాయతీగా ప్రకటించుకుంది.

మా ఇంట్లో మాత్రం ఈ చరిత్ర ఏదీ పనిచేయలేదు. అమ్మకి చెప్పగానే ఫస్ట్ వచ్చిన మాట "పెళ్లి కాని పిల్లవి, నీకెందుకే అట్టాంటివి?" ఈ మాట దగ్గరే చాలామంది ఆగిపోతారు కాబట్టి ఇక్కడ కాస్త నిదానంగా చెబుతా. అమ్మ భయం కన్నెపొర గురించి. అది సీల్ వేసిన సీసా మూత కాదు. యోని మొదట్లో, అంచుల చుట్టూ ఉండే పల్చటి పొర. మధ్యలో దారి ఉంటుంది. "దారే లేకపోతే ఇన్నేళ్లుగా రక్తం ఎట్లా బయటికొస్తోందమ్మా?" అని అడిగా. అమ్మ చాలాసేపు బీన్స్ తుంచుతూ ఉండిపోయింది. ఆ పొర ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, ఆటల్లో సాగొచ్చు, కప్ వల్ల కూడా సాగొచ్చు లేదా కొంచెం చిరగొచ్చు. ఇది దాచి "ఏమీ కాదు" అని చెప్పడం నాకిష్టం లేదు. కానీ ఆ పొరని చూసి ఒకమ్మాయి గురించి ఎవరూ ఏదీ తేల్చలేరు. టూ ఫింగర్ టెస్ట్‌కి శాస్త్రీయమైన ఆధారమే లేదని, అది చేయకూడదని మన సుప్రీంకోర్టు 2022లో గట్టిగా చెప్పింది. ఇవన్నీ విన్నాక అమ్మ అడిగిన రెండో ప్రశ్న "నొప్పి పుట్టదా?" అది నాకు చాలా మంచి ప్రశ్న అనిపించింది. జవాబు: సరిగ్గా కూర్చుంటే అసలు ఉన్నట్టే తెలియదు. నొప్పి పుడితే ఏదో తేడా ఉన్నట్టు, బలవంతం చేయొద్దు.

పెట్టుకునే ముందు లోపలి మ్యాప్ తెలియాలి. మూత్రం వచ్చే దారి వేరు, యోని వేరు. కప్ ఉండగానే బాత్రూమ్‌కి హాయిగా వెళ్లొచ్చు. యోని నిటారుగా పైకి ఉండదు, వెనక్కి, నడుము కింది భాగం వైపు వాలి ఉంటుంది. దాని చివర ముఖద్వారం. చేతులు కడుక్కుని, గోళ్లు కత్తిరించుకుని, చూపుడు వేలితో తాకి చూస్తే ముక్కు కొనలా తగులుతుంది. పీరియడ్ రోజుల్లోనే చూసుకోండి, కొందరికి ఆ రోజుల్లో అది ఇంకాస్త కిందికి ఉంటుంది. వేలు కొంచెం వెళ్లగానే తగిలితే పొట్టి కప్ కొనాలి, అందనంత దూరంలో ఉంటే పొడవుది పర్లేదు. ప్రసవం కాని మన వయసువాళ్లకి మామూలుగా చిన్న సైజు సరిపోతుంది. వెబ్‌సైట్‌లో రంగు చూసి కొనడం కంటే ఈ ఒక్క చెక్ చాలా ఉపయోగం.

మొదటి ప్రయత్నం సెలవు రోజున చేయండి. ల్యాబ్ ఎగ్జామ్ పొద్దున్న వద్దు. మన ఇండియన్ టాయిలెట్ ఇక్కడ వరం. గొంతుక్కూర్చుంటే దారి పొట్టిగా, తిన్నగా అవుతుంది. కప్ అంచుని మడవాలి. రెండు వైపులా నొక్కి 'సి' ఆకారంలో మడిస్తే సి ఫోల్డ్. అంచుని ఒక చోట వేలితో లోపలికి తోసి నొక్కితే పంచ్ డౌన్ ఫోల్డ్, ఇందులో ముందు భాగం సన్నగా ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లకి తేలిక. అంచుని నీళ్లతో తడుపుకోవచ్చు, కావాలంటే వాటర్ బేస్డ్ లూబ్రికెంట్ వాడొచ్చు. కొబ్బరినూనె మాత్రం వద్దు. ఇప్పుడు ఊపిరి వదిలేసి, పైకి కాకుండా నడుము వైపు వంచి లోపలికి తోయాలి. వదలగానే లోపల విచ్చుకుంటుంది. కొన్నిసార్లు చిన్న 'టప్' తెలుస్తుంది. కప్ అడుగు చుట్టూ వేలు తిప్పి చూడండి. గుండ్రంగా ఉంటే ఓకే, ఎక్కడైనా నొక్కుకుపోయి ఉంటే కొంచెం తిప్పండి. విచ్చుకోని కప్ లీక్ అవుతుంది, అందులో మిస్టరీ ఏం లేదు. ఒళ్లు బిగుసుకుపోయి ఎంతకీ వెళ్లకపోతే వదిలేసి ప్యాడ్ పెట్టుకుని పడుకోండి. రెండు మూడు నెలలు పడుతుంది అలవాటు కావడానికి. అన్నాళ్లూ పలచటి ప్యాడ్ తోడుంచుకోండి.

ఇక అందరినీ భయపెట్టే ప్రశ్న. "లోపలే ఉండిపోతే?" ఎక్కడికి పోతుంది! పైన ముఖద్వారంలో ఉన్నది సన్నటి రంధ్రం, అవతల దారి లేదు. కప్ పైకి జరగొచ్చు కానీ మాయం కాదు. రాకపోవడానికి అసలు కారణం సీల్. అంచు లోపలి గోడకి అతుక్కుని ఉంటుంది. స్టెమ్ పట్టుకుని లాగితే ఆ సక్షన్‌తో పాటు లోపలి భాగాలనీ లాగినట్టే, నొప్పి పుడుతుంది. గొంతుక్కూర్చుని కొంచెం ముక్కితే కప్ కిందికి దిగుతుంది. అడుగు భాగం వేళ్లకి అందాక దాన్ని నొక్కండి. గాలి లోపలికి వెళ్లి సీల్ వదులుతుంది. అప్పుడు అటూ ఇటూ కదుపుతూ, నిటారుగా పట్టుకుని తీయాలి. అందకపోతే కంగారు పడి పొడవొద్దు. పావుగంట తిరిగొచ్చి మళ్లీ కూర్చోండి. టెన్షన్ పడితే కండరాలు బిగుసుకుని కప్‌ని ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. అప్పటికీ రాకపోతే డాక్టర్ నిమిషంలో తీస్తారు, వాళ్లకిది కొత్తేం కాదు.

ఎంతసేపు ఉంచొచ్చు? 12 గంటలు దాటకూడదు. తక్కువ ఫ్లో ఉందని రెండ్రోజులు మర్చిపోవడానికి లేదు. నేను పొద్దున బ్రష్ చేసే ముందు, రాత్రి తిన్న తర్వాత తీస్తా. ఫోన్‌లో అలారం కూడా ఉంది, దాని పేరు 'గిట్ పుష్'.

ఇప్పటిదాకా చెప్పింది ఏ వీడియోలో అయినా దొరుకుతుంది. ఆ వీడియోలు తీసేవాళ్లకి అటాచ్డ్ బాత్రూమ్, పక్కనే సింకు ఉంటాయి. మనకి కారిడార్ చివర ఐదు టాయిలెట్లు, బయట వరసగా కుళాయిలు, బ్రష్ నోట్లో పెట్టుకుని నిలబడే జనం. అందుకే కప్ వాడటం కంటే దాన్ని శుభ్రంగా ఉంచుకోవడమే హాస్టల్‌లో అసలు సబ్జెక్టు.

నేను చేసేది ఇది. లోపలికి వెళ్లే ముందే బయట కుళాయి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుంటా. ఇది కప్ కడగడం కన్నా ముఖ్యం. ఎందుకంటే క్రిములు ఎక్కువగా వెళ్లేది మన వేళ్లతోనే. చేతిలో ఒక సీసాలో తాగే నీళ్లు. లోపల కప్ తీసి, టాయిలెట్‌లో వంపేసి, సీసా నీళ్లతో కడిగి మళ్లీ పెట్టుకుంటా. బకెట్‌లో మగ్గు నీళ్లు వాడను, ఆ మగ్గు చరిత్ర ఎవరికీ తెలియదు. సబ్బుతో కడగడం రోజుకొకసారి, బాత్రూమ్ ఖాళీగా ఉన్నప్పుడు. వాసన లేని మామూలు సబ్బు చాలు. డెట్టాల్, శానిటైజర్, ఇంటిమేట్ వాష్, గిన్నెల లిక్విడ్ ఏవీ వద్దు. సిలికాన్ పాడవుతుంది, మిగిలిపోయింది లోపల మండుతుంది. అంచు కింద చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి, సీల్ వదలడానికి అవే సాయం. అవి మూసుకుపోతే కప్ నిండా నీళ్లు పోసి, అరచేత్తో మూసి, గట్టిగా నొక్కండి. రంధ్రాల్లోంచి పిచికారీలా నీళ్లొస్తాయి. హోలీ రోజున చేస్తే ఇంకా బాగుంటుంది. కప్ జారి టాయిలెట్‌లో పడితే మాత్రం దానికి నమస్కారం పెట్టి కొత్తది కొనుక్కోండి.

పీరియడ్ అయిపోయాక సబ్బుతో కడిగి ఆరబెట్టడం, మళ్లీ వచ్చే పీరియడ్‌కి ముందు ఐదు నిమిషాలు మరిగించడం. నీళ్లలో మరిగించడం ఇంట్లో సులువే. హాస్టల్‌లో? రూముల్లో కెటిల్ నిషేధం. పైగా ఉన్న ఒకే ఒక దొంగ కెటిల్‌లో మ్యాగీ వండుతాం. కడిగిన కప్‌ని మరిగిస్తే ఆ కెటిల్‌కి వచ్చే నష్టం ఏమీ లేదని సైన్స్ చెబుతుంది కానీ మా రూమ్మేట్‌కి సైన్స్ అక్కర్లేదు. "ఇంక ఇందులో నేను తినను" అంది, అంతే. చివరికి కప్ వాడే నలుగురం డబ్బులు వేసుకుని వెడల్పు మూతి ఉన్న చిన్న కెటిల్ ఒకటి కొని, నేరుగా వార్డెన్ మేడమ్ దగ్గరికి వెళ్లి విషయం చెప్పాం. ఆవిడ మా నలుగురి మొహాలూ చూసి, ఫ్లోర్ చివర ఇస్త్రీ రూమ్‌లో పెట్టుకోమన్నారు. వారం తర్వాత మెల్లిగా నన్ను ఆపి "అది ఎంతమ్మా?" అని అడిగారు. కెటిల్ రేటు అనుకున్నా. కాదు, కప్ రేటు. ఇంకెవరూ దాన్ని వాడకుండా దాని మీద మార్కర్‌తో 'కషాయం' అని రాశాం. ఇప్పటివరకు ఎవ్వరూ ముట్టుకోలేదు.

మరిగించేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి. నీళ్లు మరగ్గానే ఆగిపోయే కెటిల్ సరిపోదు, మరుగుతూనే ఉండేది కావాలి. కప్ అడుగుకి తగిలితే కాలిపోవచ్చు కాబట్టి టీ వడకట్టే స్టీల్ జల్లెడలో పెట్టి ముంచండి. టైమర్ పెట్టుకుని అక్కడే నిలబడండి. నీళ్లు ఇగిరిపోతే సిలికాన్ వాసన ఫ్లోర్ అంతా వస్తుంది. మా బోరు నీళ్లతో మరిగిస్తే కప్ మీద తెల్లటి పొర పేరుకుంటుంది, గీజర్ రాడ్‌కి పట్టేదే అది. అందుకే ఆర్‌ఓ నీళ్లు వాడుతున్నాం. ఒకరి కప్ ఇంకొకరు వాడటం, మరిగించినా సరే, లేదు.

ఆరబెట్టడం గురించి మా అమ్మమ్మ మాట ఒకటి చెప్పాలి. వాళ్ల కాలంలో పాత చీర ముక్కలు వాడేవాళ్లు. ఉతికి ఎండలో వేస్తే ఎవరైనా చూస్తారని లంగాల కింద, చీకట్లో ఆరేసేవాళ్లట. వానాకాలంలో అవి ఆరేవే కాదు, ఆ తడి గుడ్డలే మళ్లీ పెట్టుకుంటే ఒరుసుకుపోయి దురదలు. గుడ్డ తప్పు కాదు, ఎండ లేకపోవడం తప్పు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం 15 నుంచి 24 ఏళ్ల ఆడపిల్లల్లో దాదాపు సగం మంది ఇప్పటికీ గుడ్డ వాడుతున్నారు కాబట్టి ఇది పాత కథ కూడా కాదు. కప్ విషయంలోనూ అదే చేస్తున్నాం మనం. తడిగా ఉండగానే ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి, సూట్‌కేస్ అడుగున. అలా చేయొద్దు. తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, గాలి ఆడే కాటన్ సంచిలో పెట్టండి. గాలి చొరని డబ్బా వద్దు. నాది కిటికీ దగ్గర ఆరుతుంది. మొదట్లో "ఏంటే ఇది, గరాటా?" అని అడిగేవాళ్లు.

ఇప్పుడు మొదట్లో చెప్పిన కొలతలకి వస్తా. ఇది రాయడానికి నాకు అసలు కారణం అదే. మా ఫ్లోర్‌లో ఒకమ్మాయి, తను ఒప్పుకున్నాకే రాస్తున్నా, ఎప్పుడూ నీరసంగా ఉండేది. మెట్లు ఎక్కితే ఆయాసం, క్లాసులో నిద్ర. అందరం బద్ధకం అనుకున్నాం, తనూ అదే అనుకుంది. కప్ మొదలుపెట్టాక రెండో రోజు 30 మిల్లీలీటర్ల కప్ మూడు గంటలకే నిండిపోయేది. నోట్స్ యాప్‌లో రాసుకుంటే ఒక్క పీరియడ్‌కి 160 దాటింది. వరసగా మూడు నెలలు అంతే. కప్‌లో పడేదంతా రక్తం కాదు, గర్భాశయం లోపలి పొర ముక్కలు, వేరే ద్రవాలు కూడా కలిసి ఉంటాయి. కాబట్టి గీతలు చూసి మనమే జబ్బు తేల్చుకోకూడదు. కానీ 80 మిల్లీలీటర్లకి మించి రక్తం పోతే డాక్టర్లు దాన్ని అధిక రక్తస్రావం అంటారు. తను ఆ మూడు నెలల అంకెలు పట్టుకెళ్లి గైనకాలజిస్ట్‌కి చూపించింది. హిమోగ్లోబిన్ 8.2 వచ్చింది. 12 ఉండాలి. ఇప్పుడు ఐరన్ మాత్రలు, ఇంకో ట్రీట్‌మెంట్ నడుస్తున్నాయి. అంతకుముందు వాళ్లమ్మతో "ఎక్కువ అవుతోంది" అని చెప్పినప్పుడల్లా "మా ఇంట్లో అందరికీ అంతే" అనేవారట. అందరికీ అంతే అంటే వాళ్లమ్మకీ చూపించాలి కదా అని డాక్టర్ అన్నారు. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని పైన చెప్పిన సర్వేలోనే ఉంది. అందులో ఎంతమంది "మా ఇంట్లో అందరికీ అంతే" అనుకుంటున్నారో.

కప్ అందరికీ సరిపోదు, అది కూడా చెప్పాలి. కాపర్-టీ వేయించుకున్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా వాడకూడదు, లాగేటప్పుడు అది జరిగిపోవచ్చు. ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు, ప్రసవమైన కొత్తలో వద్దు. పెట్టుకున్నాక మూత్రం సరిగా రాకపోయినా, అడ్డుపడినట్టున్నా కప్ పెద్దదో గట్టిదో అయ్యుండొచ్చు, తీసేయండి. టాక్సిక్ షాక్ సిండ్రోమ్ అనే మాట వినే ఉంటారు. ఒక రకం బ్యాక్టీరియా విడుదల చేసే విషం వల్ల వస్తుంది, 1980లో అమెరికాలో టాంపన్ల వల్ల బయటపడి పెద్ద గొడవైంది. కప్‌తో చాలా అరుదు, కానీ సున్నా కాదు. లాన్సెట్ పబ్లిక్ హెల్త్ 2019లో 43 అధ్యయనాలని కలిపి చూసిన సమీక్ష వేసింది. కప్ వాడినవాళ్లలో ఈ కేసులు అందులో ఐదు కనిపించాయి. అదే సమీక్షలో, లీక్ అవడం ప్యాడ్లూ టాంపన్లతో సమానంగానో తక్కువగానో ఉందని తేలింది. కప్ పెట్టుకుని ఉండగా ఉన్నట్టుండి హై ఫీవర్, వాంతులు, విరేచనాలు, ఎండకి కమిలినట్టు ఒళ్లంతా ఎరుపు, కళ్లు తిరగడం వస్తే వెంటనే కప్ తీసేసి క్యాజువాలిటీకి వెళ్లండి. కప్ వాడుతున్నట్టు డాక్టర్‌కి సిగ్గుపడకుండా చెప్పండి, ట్రీట్‌మెంట్ దాని మీదే ఆధారపడి ఉంటుంది.

డబ్బుల లెక్క అందరూ అడుగుతారు కాబట్టి త్వరగా చెప్పేస్తా. నాకు నెలకి పదిహేను ప్యాడ్లు, ఒక్కోటి ఎనిమిది రూపాయలు అనుకుంటే 120. నా కప్ ఖరీదు నాలుగు నెలల్లో వచ్చేసింది. ఏడాదికి 180 ప్యాడ్లు న్యూస్‌పేపర్‌లో చుట్టి నల్ల కవర్‌లో పెట్టే పని తప్పింది. మా ఫ్లోర్ ఊడ్చే ఆంటీ చేతులకి కూడా.

కంపెనీలు పదేళ్లు వస్తుందని రాస్తాయి. పదేళ్లు నమ్మకండి, కప్‌ని చూసి నమ్మండి. ప్రతిసారీ మరిగించే ముందు వెలుతురులో పట్టుకుని చూస్తే తెలుస్తుంది. ఎక్కడైనా చీలిక, పైన జిగట, పొడి పొడిగా రాలే పొర, ఎంత మరిగించినా పోని వాసన ఉంటే మార్చేయాలి. రంగు మారితే మాత్రం కంగారు వద్దు. నాది కొన్నప్పుడు తెల్లగా ఉండేది, ఇప్పుడు పాత పుస్తకం పేజీ రంగులోకి వచ్చింది, పని బాగానే చేస్తోంది.